మోహనానికి పెట్టెలు కట్టకండి

మా ఇంటి అటక మీద పాత పంచాంగాలు, చిల్లుపడిన ఇత్తడి గంగాళం, తెలుగు పండిత శిక్షణలో ఉన్ననాడు నేను రాసుకున్న ఛందస్సు నోటుపుస్తకాలు ఉంటాయి. మూడేళ్ళ క్రితం వాటి సరసన ఒక గిటారు చేరింది. అది మా బిడ్డ కొడుకుది. కొని ఏడాదిన్నర కూడా కాలేదు. ఎందుకు అటకెక్కించావురా అంటే వాడు నేలచూపులు చూస్తూ, "నాకు శ్రుతిజ్ఞానం లేదంట తాతా, సార్ చెప్పిండు" అన్నాడు.

ఈ టపా ఆ ఒక్క మాట మీద. ఘాటుగా ఉంటే మన్నించండి; మన్నించలేనివారు వ్యాఖ్యలో తిట్టండి, పడతాను. కానీ పదమూడేళ్ళ పిల్లవాడి మీద యావజ్జీవ శిక్షలాంటి ఆ తీర్పు చెప్పిన గురువుగారిని, ఆయన పద్ధతిని, ఆ పద్ధతిని గుడ్డిగా నమ్మి రుసుము కట్టిన నాలాంటి పెద్దలను ఇవాళ వదలదలచుకోలేదు.

మా వాడు ప్రతి ఆదివారం మఠంపల్లిలో బస్సెక్కి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్ళి గిటారు నేర్చుకునేవాడు. ఆ శిక్షణ కేంద్రం పేరు చెప్పను. ఒక్కచోటి రోగమైతే చెప్పేవాణ్ణేమో. అంతర్జాలంలో వందలాది వీడియోలు ఇదే పాఠాన్ని ఇదే తీరున చెబుతున్నాయి కాబట్టి ఒక్కరిని పట్టుకుని ఉతకడం న్యాయం కాదు.

ఏడాదిలో వాడికి రెండు నోటుపుస్తకాలు నిండాయి. ఒకదాని నిండా కార్డులు. (రేషన్ కార్డులు కావు. మూడు స్వరాలో అంతకంటే ఎక్కువో ఒకేసారి మోగితే వచ్చే స్వరసముదాయాన్ని వాళ్ళు కార్డ్ అంటారు. దీనికి చక్కని తెలుగుమాట కోసం చాలా రోజులు తన్నుకుని, చివరికి పిల్లల మాటే పిల్లలకు వదిలేశాను.) రెండో పుస్తకం నిండా పెట్టెలు. పెట్టె అంటే గిటారు మెడ బొమ్మ గీసి, ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర వేలు పెట్టాలో చుక్కలతో చూపిన పటం. పెంటటానిక్ స్కేలుకు అలాంటి పెట్టెలు ఐదు. పెంటటానిక్ అంటే ఏదో అన్యదేశపు వింత అనుకోకండి. ఐదు స్వరాల వరుస. మనవారు ఔడవం అన్నారు. స, రి, గ, ప, ద, అంటే చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం తీసుకుంటే అది మన మోహనం. వాళ్ళ మేజర్ పెంటటానిక్ అదే.

ఆ రెండు పుస్తకాల మధ్య వంతెన లేదు. కార్డుల పుస్తకంలో పెట్టెల ఊసు లేదు, పెట్టెల పుస్తకంలో కార్డుల ఊసు లేదు. రెండింటికీ కలిపి గురువుగారు ఒకే ఒక్క సూత్రం రాయించారు: ఈ పెట్టెలో ఏ స్వరమైనా, ఏ కార్డ్ మీదనైనా వాయించవచ్చు, తప్పు రాదు.

మిత్రులారా, అబద్ధం.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా ఊరి చర్చిలో పాడే పిల్లలు మావాణ్ణి పిలిచారు. చరణానికీ చరణానికీ మధ్య కాసేపు గిటారు మీటమన్నారు. సి మేజర్‌లో మొదలై, ఎఫ్‌కు వెళ్ళి, జి మీదుగా మళ్ళీ సి దగ్గరకు వచ్చే సాదా పాట. వీడు నేర్చిన మొదటి పెట్టె తెరిచాడు. బాగానే నడిచింది. జి కార్డ్ మోగుతున్న చోట మాత్రం వీడు పోయి సి స్వరం మీద నిలబడ్డాడు. నిలబడి, సాగదీశాడు కూడా. ఎవరూ నవ్వలేదు, ఏమీ అనలేదు. పాడే పిల్లలు ఒకసారి తలతిప్పి చూశారంతే. వెనక బెంచీ మీద కూర్చున్న నాకు కూడా పంటికింద రాయి పడినట్టయింది. కారణం మాత్రం ఆనాడు నాకు తెలియదు. తరువాతి ఆదివారం వాడు వెళ్ళి, పెట్టెలోని స్వరమే వాయించాను కదా సార్, ఎందుకు బాగోలేదు అని అడిగాడట. దానికి వచ్చిన జవాబే ఆ శ్రుతిజ్ఞానం మాట.

నేను అడుగుతున్నాను. శ్రుతిజ్ఞానం లేనివాడికి అది బాగోలేదని ఎలా తెలిసింది?

గిటారును అటక దించాను. అరవై దాటిన వేళ్ళు. మొదటి నెలలో కొసలు బొబ్బలెక్కి కలం పట్టలేకపోయాను. అయితే నాకు స్వరాలు పూర్తిగా కొత్త కాదు. మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిలో భజనలకు హార్మోనియం నొక్కినవాణ్ణి, సరళీస్వరాలు జంటస్వరాలు చిన్ననాడు చెప్పించుకున్నవాణ్ణి. కాబట్టి ఆ పెట్టెను చూడగానే నాకు చుక్కలు కనబడలేదు, స్వరాలు వినబడ్డాయి. విన్నకొద్దీ కోపం పెరిగింది.

ఆ మొదటి పెట్టె ఐదో మెట్టు దగ్గర మొదలవుతుంది. ఆరు తీగలు, తీగకు రెండు చొప్పున పన్నెండు చుక్కలు. దాని పేరు ఎ మైనర్ పెంటటానిక్. ఎ, సి, డి, ఇ, జి. ఇప్పుడు సి నుంచి మోహనం పలికించండి: సి, డి, ఇ, జి, ఎ. అవే ఐదు స్వరాలు! షడ్జమాన్ని జరిపితే రాగం మారుతుందని మన లక్షణకారులు ఏనాడో చెప్పారు, గ్రహభేదం అన్నారు. మోహనంలో రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం, పంచమాన్ని చేస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి. ఎ మైనర్ పెంటటానిక్ అనే ఆ పెట్టె ఎ నుంచి వింటే శుద్ధ ధన్యాసి, సి నుంచి వింటే మోహనం. ఏడాదిపాటు ఆ పెట్టెలో కాపురమున్న పిల్లవాడికి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు.

అంతకంటే పెద్ద ముక్క ఇంకొకటి ఉంది. ఐదో మెట్టు దగ్గర ఆరు తీగలూ కలిపి పట్టే ఎ మైనర్ కార్డ్ వాడికి వచ్చు, కార్డుల పుస్తకంలో ఉంది. దాని ఆరు స్వరాలూ ఆ పన్నెండు చుక్కల్లోనే ఉన్నాయి. సి మేజర్‌ను అక్కడే జి ఆకృతిలో చూడండి. కింది మంద్ర తీగ నుంచి ఎనిమిదో మెట్టు, ఏడో మెట్టు, వరుసగా మూడు తీగల మీద ఐదో మెట్టు, చివరి తీగ మీద మళ్ళీ ఎనిమిది. అన్నీ ఒక్కసారిగా పట్టడం నా వేళ్ళ వల్ల కాదు గానీ, ఒక్కొక్కటిగా మీటి వినవచ్చు. ఆ ఆరూ ఆ పన్నెండులోవే! అంటే పెట్టె వేరు, కార్డ్ వేరు కానే కాదు. కార్డ్ అస్థిపంజరం, స్కేలు దాని మీది కండ. గిటారువాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. సి, ఎ, జి, ఇ, డి అనే ఐదు కార్డ్ ఆకృతులకూ ఈ ఐదు పెట్టెలకూ జత కుదిర్చే పద్ధతి వాళ్ళ దగ్గరే ఉంది. ఆ అక్షరాలు కలిపి చదివితే ఇంగ్లీషులో "పంజరంలో పెట్టబడిన" అని అర్థం వస్తుంది. పేరు పెట్టినవారి చమత్కారమో, విధి చమత్కారమో!

ఇంతవరకు చదివి, మిర్యాలగూడలో ఉన్న నా చిరకాల మిత్రులు, సంగీత విద్వాంసులు, మీసాల చాటున నవ్వుకుంటూ ఉంటారని నాకు తెలుసు. ఈ విషయం ఫోనులో కదిపితే ఆయన, "మాష్టారూ, మోహనం కింద కార్డులు పెట్టడమంటే తులసికోటకు బాత్‌రూము టైల్స్ అంటించడమే" అన్నారు. కాబట్టి ఈ టపాలో రెండో వాత ఆయనకు. స్నేహం స్నేహమే.

ముందుగా, ఆయన కోపంలో సగం ధర్మం ఉంది. మన సంగీతంలో తంబురా ఒక్కచోటే ఉంటుంది. షడ్జమ పంచమాలు పునాదిరాళ్ళు, కచేరీ అంతా కదలవు. వాటి మీద మోహనంలోని ఏ స్వరం మీద నిలబడ్డా దానికొక మర్యాద ఉంది, షడ్జమం మీద నిలబడితే అడిగేవాడే లేడు. కార్డులు వచ్చాక పునాది కదులుతుంది. నాలుగు దెబ్బలు సి, నాలుగు దెబ్బలు ఎఫ్, నాలుగు దెబ్బలు జి. జి కార్డ్‌లో ఉన్నవి జి, బి, డి. మావాడు నిలబడ్డ సి స్వరం పాటకు సాక్షాత్తూ షడ్జమమే. కానీ ఆ క్షణంలో పక్కనే, అర స్వరం దూరంలో బి మోగుతున్నది. రెండూ ఒరుసుకున్నాయి. తంబురా లోకంలో నిర్దోషి అయిన షడ్జమం కార్డుల లోకంలో దోషి అయింది. పెట్టెల గురువుగారు ఏం చేశారంటే, తంబురా లోకపు ధర్మాన్ని తెచ్చి కార్డుల లోకంలో సూత్రంగా రాయించారు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. ఎఫ్ కార్డ్ పెట్టామంటే మధ్యమం వచ్చిందన్నమాట. జి కార్డ్ పెట్టామంటే నిషాదం వచ్చిందన్నమాట. రెండూ మోహనానికి వర్జ్యస్వరాలు. ఇంట్లోకి రాకూడదన్నవాళ్ళను వంటింటి గుమ్మం గుండా పిలిచినట్టే. విద్వాంసుల బాధ అబద్ధం కాదు.

అయితే దాని అర్థం కార్డులే కూడదనా? మోహనంలోని ఐదు స్వరాలలోనే, బయటి స్వరం ఒక్కటీ తాకకుండా, స గ ప అనే సి మేజర్ ఉంది, ద స గ అనే ఎ మైనర్ ఉంది. ఒకటి విడిచి ఒకటి చొప్పున పేర్చే మూడు స్వరాల కార్డులు ఇందులో ఈ రెండే. ఇవి చాలవంటే సి, డి, జి కలపండి. జి, సి, డి కలపండి. డి, జి, ఎ కలపండి. గిటారువాళ్ళు వీటిని సస్ కార్డులు అంటారు. మైనరూ కాక మేజరూ కాక గాలిలో వేలాడుతున్నట్టుంటాయి. ఒక్క వర్జ్యస్వరం లేకుండా మోహనానికి ఇన్ని ఆసనాలు వేయవచ్చు. విద్వాంసులు ఎప్పుడైనా విన్నారా? వినకుండా తులసికోట ఉపమానం ఎందుకు?

పరాయి వాద్యం అంటారు. వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితులు మన సంగీతంలోకి తెచ్చుకున్నప్పుడు అది స్వదేశీ వాద్యమా? ఆ వయొలిన్ మీదే మన విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఏం చేశారో ఇదే మిత్రులు గంటల తరబడి చెబుతారు. హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి గుమ్మం ఎక్కనివ్వలేదు. గమకం పలకదన్నారు. అన్నమాట నిజమే, పలకదు. ఆ ముప్ఫయ్యొక్క ఏళ్ళూ మా నాటకాలూ భజనలూ మాత్రం హార్మోనియం మీదే బతికాయి. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ ఒడిలో పెట్టుకుని కూర్చుంటే దాన్ని వాద్యమని ఒప్పుకోనివాళ్ళు ఎంతమంది! 2014లో ఆయన పోయినప్పుడు ఏడ్చినవారిలో వాళ్ళూ ఉండి ఉంటారు. మోహనం మాటకొస్తే, రామ్నాడ్ శ్రీనివాసయ్యంగారి మోహన వర్ణం ఎత్తుగడను పట్టుకుని ఇళయరాజాగారు 1988లో ఘర్షణ చిత్రానికి పాట కడితే, సరిగమలు తెలియని పిల్లలు కూడా మోహనాన్ని నోట పెట్టుకుని తిరిగారు. మోహనానికి జబ్బేమీ చేయలేదు.

ఇంకొక ఆక్షేపణ వస్తుందని తెలుసు, ముందే చెప్పేస్తాను. అమెరికాలో నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో మైనర్ పెంటటానిక్‌ను మేజర్ కార్డుల మీద కావాలనే వాయిస్తారు. ఆ ఒరిపిడిలోనే వాళ్ళ వేదన ఉంది. నిజం. కానీ ఆ వాయించేవాడికి తాను ఎక్కడ ఒరుస్తున్నాడో తెలుసు. నన్నయ వ్యాకరణం దాటితే కవిప్రయోగమంటాం, పదో తరగతివాడు దాటితే సున్నా వేస్తాం. తేడా దాటడంలో లేదు.

సున్నా అన్నాను కాబట్టి నా సంగతి చెప్పక తప్పదు. ఇక్కడిదాకా వచ్చి దాచుకుంటే పరులను తిట్టే అర్హత ఉండదు.

ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు ఛందస్సు చెప్పాను. ఎలా చెప్పాను? ఉత్పలమాల: భ ర న భ భ ర వ, పదవ అక్షరం యతిస్థానం. చంపకమాల: న జ భ జ జ జ ర, పదకొండవ అక్షరం యతిస్థానం. నల్లబల్ల మీద గీతలు గీసి, గురులఘువులు పెట్టించి, గణవిభజన చేయించాను. మార్కులు బాగా వచ్చేవి. యతి చెవికి ఎందుకు హాయిగా ఉంటుందో, అక్కడ మైత్రి లేకపోతే లోపల ఏమి తెగినట్టుంటుందో ఒక్కరోజు కూడా వినిపించలేదు. ఒకసారి ఒక పిల్లవాడు సొంతంగా పద్యం రాసుకుని తెచ్చాడు. నాలుగు పాదాల్లో మూడింట యతి తప్పింది. "నీకు పద్యం రాదు, లెక్కలు చేసుకో" అన్నాను. అతనిప్పుడు మా దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. బజారులో ఎదురైతే బండి ఆపి నమస్కారం పెడతాడు. ఉద్యోగం సంగతి చెబుతాడు, పిల్లల చదువులు చెబుతాడు. పద్యం మాట ఎత్తడు. నేనూ ఎత్తలేను.

కోదాడ గురువుగారి పెట్టెలు చూసినప్పుడు నాకు వచ్చిన కోపంలో ఎంత భాగం ఆయన మీదిదో, ఎంత భాగం ఆ నల్లబల్ల ముందు నిలబడ్డ పంతులు మీదిదో విభజించి చెప్పలేను.

సరే, తిట్టడం ఒక్కటే అయితే ఎవరైనా చేస్తారు. మావాడికి ఏం చెప్పానో కూడా చెబుతాను.

పెట్టెల పుస్తకం మూయించాను. సి కార్డ్ మామూలుగా, మొదటి మెట్ల దగ్గర పట్టమన్నాను. అందులో స, గ, ప ఉన్నాయి. మోహనానికి కొరవడినవి రెండే, రి, ద. చెయ్యి పెద్దగా కదపనక్కరలేదు. ఉత్తి నాలుగో తీగ మీటితే రిషభం, మూడో తీగ రెండో మెట్టు నొక్కితే ధైవతం. మూడు సొంతవాళ్ళు, ఇద్దరు చుట్టాలు. వారంరోజులు ఇదే. వాడు మీటుతుంటే నేను సి కార్డ్ మోగించడం, నేను మీటుతుంటే వాడు మోగించడం.

తరువాత జి కార్డ్. ఇక్కడ యతి చెప్పాను. కకారంతో మొదలైన పాదంలో యతిస్థానంలో గకారం పడితే మైత్రి, మకారం పడితే యతిభంగం. మకారం చెడ్డ అక్షరమా? కాదు. ఆ పాదంలోనే ఇంకెక్కడైనా హాయిగా ఉండవచ్చు, ఆ ఒక్కచోట కాదు. కార్డ్ మారే చోటు యతిస్థానం. అక్కడ పడే స్వరానికీ కార్డ్‌కూ మైత్రి ఉండాలి. జి కార్డ్ వచ్చిన దెబ్బకు జి మీదో డి మీదో దిగు. సి మీదుగా నడిచిపోతే దోషం లేదు, నిలబడితే దోషం. వాడు మూడుసార్లు నిలబడి చూశాడు, మూడుసార్లూ ముఖం చిట్లించాడు. శ్రుతిజ్ఞానం లేని ముఖం!

ఆ పైన నేను కూడా ఎదురుచూడనిది ఒకటి దొరికింది. సి నుంచి మోహనం: సి, డి, ఇ, జి, ఎ. జి నుంచి మోహనం: జి, ఎ, బి, డి, ఇ. పక్కపక్కన రాయండి. నాలుగు స్వరాలు ఉమ్మడి. మారింది ఒక్కటే, సి పోయి బి వచ్చింది. ఎఫ్ నుంచి చూస్తే ఎఫ్, జి, ఎ, సి, డి. అక్కడా మారింది ఒక్కటే, ఇ పోయి ఎఫ్ వచ్చింది. మిత్రుడిలా పక్కన వచ్చి చేరేది ఆగమం, శత్రువులా ఉన్నదాన్ని తోసి తాను కూర్చునేది ఆదేశం అని వ్యాకరణంలో చదువుకున్నాం కదా. ఇది అచ్చంగా ఆదేశం. గసడదవాదేశంలో కకారం తొలగి గకారం వచ్చినట్టు, కార్డ్ సి నుంచి జి కి మారగానే సి తొలగి బి వస్తుంది. గిటారు మీద అది ఒక్క మెట్టు వెనక్కి. అయితే రాగం మోహనమే ఉండాలనుకుంటే ఈ పని చేయకూడదు, పైన చెప్పిన సస్ కార్డులతో సరిపెట్టుకోవాలి. కార్డులతో నడిచే పాట అయితే చేయాలి. ఏది ఎప్పుడన్నది పాటను బట్టి.

క్రిస్మస్ నాడు వాడు నిలబడ్డ సి, ఒక్క మెట్టు దిగి ఉంటే బి అయ్యేది. ఆ రాత్రి ఎవరూ తల తిప్పేవారు కాదు. ఐదు పెట్టెలు, ఒక ఏడాది ఆదివారాలు, అన్ని బస్సు ప్రయాణాలు అయ్యాక కూడా ఆ ఒక్క మెట్టు దూరం చెప్పకుండా, పిల్లవాడి పుట్టుకలోనే లోపముందన్నారు.

ఇది మావాడికి చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. సి, బి, మళ్ళీ సి, మళ్ళీ బి అని మీటుతూ కూర్చున్నాడు. తరువాత, "అయితే ఆ రోజు ఇంతేనా తాతా?" అన్నాడు.

కోదాడకు మళ్ళీ పంపలేదు. ఆ గురువుగారికి మర్యాదగానే ఒక ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. మిర్యాలగూడ మిత్రులు సంక్రాంతికి వస్తామన్నారు. ఆయన వయొలిన్ తెస్తే మోహనం అందుకోమని, మేమిద్దరం వెనక సస్ కార్డులు పెట్టి వినిపిస్తాం. విన్నాక టైల్స్ అంటారో ఏమంటారో ఇక్కడే రాస్తాను. సిమెంటు ఫ్యాక్టరీ కుర్రవాడికి మాత్రం ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో ఇంకా తోచలేదు.

ఈ వారం ఎఫ్ కార్డ్ మొదలుపెట్టాం. చూపుడువేలు అడ్డంగా పరిచి మొదటి మెట్టు మీద ఆరు తీగలూ నొక్కాలి. మావాడికి రెండు రోజుల్లో పలికింది. నాకింకా రెండో తీగ గరగరమంటూనే ఉంది.